సాగినా చెదరని గీత



రేడియోలో మాట వినిపించవచ్చు గానీ బొమ్మ చూపించడం కుదరదని అంటారు. కుదురుతుందని ముందుగా ఒక చిన్న పరీక్షతో చూపిస్తాను. దగ్గరలో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. అడ్డంగా ఒక వరుసలో 7 చుక్కలు పెట్టండి. ఆ వరుసకు పైన 5, కింద 5 చుక్కలు, సరిగ్గా మధ్యకు వచ్చేటట్టు పెట్టండి. వాటికి ఆవల పైన 3, కింద 3. చివరగా పైన ఒకటి, కింద ఒకటి. ఇప్పుడు బయటి అంచున ఉన్న చుక్కలను వరుసగా గీతతో కలపండి. గాలిపటం ఆకారం వచ్చింది కదూ?

నేను మీకు బొమ్మ పంపలేదు. బొమ్మ గీసే విధానం మాత్రం మాటల్లో పంపాను. షోలాపూర్ దాజీ పేటలో ఒక ఇల్లాలు గడప ముందు జానెడు జాగాలో ఈ ముగ్గు వేయవచ్చు. సిరిసిల్లలో మరో ఇల్లాలు వాకిలంతా పరిచి వేయవచ్చు. రెండూ ఒకే ముగ్గు. పెద్దదిగా వేసినంత మాత్రాన గీత చెదరదు, మూల విరగదు. ఎందుకంటే నేను చెప్పిన మాటల్లో కొలత లేదు, క్రమం మాత్రమే ఉంది.

ఈ చిన్న సంగతే ఈనాటి ప్రసంగానికి మూలం. కంప్యూటర్లో లెక్కలను గ్రాఫ్‌గా గీసేటప్పుడు, ఆ గ్రాఫ్‌ను ఏ రూపంలో దాచాలి అన్నది మన విషయం. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ముగ్గు పద్ధతి. దీన్ని ఇంగ్లీషులో వెక్టర్ గ్రాఫిక్స్ అంటారు. మనం సులువుగా గీతల బొమ్మ అనుకుందాం. రెండోదాన్ని రాస్టర్ అంటారు. దాన్ని గళ్ల బొమ్మ అనుకుందాం. ఆ గళ్ల బొమ్మ అంటే ఏమిటో దాజీ పేట వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

మీలో చాలామందికి తెలుసు, దాజీ పేట నేతగాళ్ల పేట. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీల కుటుంబాలు తరతరాలుగా అక్కడ బతుకుతున్నాయి. బయట మరాఠీ, ఇంట్లో తెలుగు. ఒక పక్క పవర్‌లూమ్‌ల టకటకలు, మరో పక్క అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ల మాటలు. జంధ్యాల పున్నమి వచ్చిందంటే మార్కండేయుడి రథం కోసం వీధులన్నీ ముగ్గులే. షోలాపూర్ చద్దర్, షోలాపూర్ టవల్ అంటే దేశమంతా తెలిసిన పేర్లు. ఆ రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఆ చద్దరు మీద పువ్వు ఎక్కడి నుంచి వస్తుంది? గ్రాఫ్ కాగితం మీద నుంచి. మా బాపు ఆ పనే చేసేవాడు. కాగితం నిండా చిన్న చిన్న గళ్లు. ఒక్కో నిలువు వరుస ఒక్కో పడుగు పోగుకు గుర్తు. ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేక పోగుకు గుర్తు. ఏ గడిలో రంగు నింపితే ఆ చోట పడుగు పైకి లేవాలని అర్థం. ఈ కాగితాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఒక పేకకు ఒక అట్ట. జకార్డు యంత్రంలో రంధ్రం ఉన్న చోట కొక్కెం పడుగును ఎత్తుతుంది, రంధ్రం లేని చోట ఎత్తదు. ఫ్రాన్సు దేశంలో లియాన్ పట్నానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డు 1804లో చూపిన యంత్రం ఇది. ఆయన చిత్రాన్నే 1839లో పట్టుబట్ట మీద నేశారు. అందుకు సుమారు 24,000 అట్టలు పట్టాయి. దూరం నుంచి చూస్తే చెక్కిన బొమ్మలా ఉంటుంది, దగ్గరగా చూస్తే అన్నీ పోగులే. ఇంగ్లండులో లెక్కల యంత్రానికి రూపకల్పన చేసిన చార్లెస్ బాబేజ్ ఆ చిత్రం ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. కంప్యూటరుకూ మన మగ్గానికీ చుట్టరికం అప్పటి నుంచే ఉంది.

ఇప్పుడు బాపుకు వచ్చే చిక్కు చెబుతాను. 200 గళ్ల వెడల్పున ఒక నెమలిని గీశాడనుకోండి. టవల్ మీద అందంగా వచ్చింది. యజమాని వచ్చి, ఇదే నెమలి చద్దరు మీద రెండింతలు కావాలన్నాడు. ఒక్కో గడిని రెండు అడ్డం, రెండు నిలువు చేసి నాలుగు గళ్లుగా పెంచితే సరిపోతుందా? సరిపోదు. నెమలి మెడ వంపు మెట్లు మెట్లుగా కనబడుతుంది. అందుకని బాపు మళ్లీ కొత్త కాగితం తీసుకుని, 400 గళ్ల మీద ఆ మెడను మొదటి నుంచీ గీసేవాడు. గళ్ల బొమ్మకు తన గళ్ల లెక్క తప్ప మరేమీ తెలియదు. అక్కడ ఉన్నది మెడ అనీ, అది వంపు తిరిగిందనీ దానికి తెలియదు. తెలిసింది బాపుకు.

సరే, ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాం. నాకు ఈ సంగతి ఎలా తెలిసివచ్చిందో కూడా చెబుతాను. అది కాస్త సిగ్గుపడే కథ.

మా మేనల్లుడు కంప్యూటర్ చదువుతున్నాడు. ఒకసారి మా పేటలో కొందరు చిన్న కార్ఖానాల వాళ్లూ, మగ్గం మీద పనిచేసేవాళ్లూ కూర్చుని కూలి రేటు మాట్లాడుకోవాలనుకున్నారు. నూలు ధర ఏ వారం ఎంత ఉందో గోడ మీద అందరికీ కనబడేటట్టు పెడితే వాదన తగ్గుతుందని నేనే సలహా ఇచ్చాను. మేనల్లుడు ధరలన్నీ కంప్యూటర్లో ఎక్కించి గ్రాఫ్ గీశాడు. తెర మీద చక్కగా ఉంది. దాన్ని అచ్చువేసే షాపులో ఇచ్చి, 10 అడుగుల వెడల్పున ఫ్లెక్సీ చేయించాం.

ఆ రోజు సాయంత్రం ఫ్లెక్సీ విప్పేసరికి గుండె జారింది. గీత మెట్లు మెట్లుగా ఉంది. అంకెలు దూదిపింజల్లా ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక వారం ధర చివరి అంకె 6 అని పనివాళ్లు, 8 అని యజమానులు. రెండు రూపాయల దగ్గర మాట పెరిగింది. చివరికి ఒక పెద్దాయన లేచి మేనల్లుడితో, "చదవరాని లెక్కను ఎట్ల నమ్మమంటవు బిడ్డా? వచ్చే వారం మంచిగ కనబడేటట్టు తీసుకరా, అప్పుడు మాట్లాడుకుందం" అన్నాడు. కూలి మాట వారం వెనక్కి పోయింది. తప్పు షాపుది కాదు, మాదే. వాళ్లు మేమిచ్చిన బొమ్మనే పెద్దది చేశారు.

ఏం జరిగిందో లెక్క చూడండి. మా వాడు వాడింది పైథాన్ భాషలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలయం కాదు. ఒక పనికి కావలసిన ఆదేశాలన్నీ ముందే రాసి పెట్టిన కట్ట. మగ్గం కొన్నవాడు నాడె నుంచి అన్నీ స్వయంగా చెక్కుకోడు కదా, అలాగే గ్రాఫ్ గీయాలనుకున్నవాడు గీత గీయడం మొదటి నుంచీ రాసుకోనక్కరలేదు. ఈ లైబ్రరీని మొదట రాసినవాడు జాన్ హంటర్ అనే అమెరికా శాస్త్రవేత్త. మూర్ఛ రోగుల మెదడులోని విద్యుత్ సంకేతాలను పరిశోధిస్తూ, ఆ సంకేతాలను గీతలుగా చూడడానికి తగిన పరికరం కావాలని దీన్ని మొదలుపెట్టాడు. 2003లో బయటికి వచ్చింది. హంటర్ 2012లో కన్నుమూశాడు. ఆ తరువాత కూడా దేశదేశాల ప్రోగ్రామర్లు కలిసి దాన్ని నడుపుతున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఈ లైబ్రరీకి మనం ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే, బొమ్మను 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు అనుకుని, అంగుళానికి 100 గళ్ల చొప్పున గళ్ల బొమ్మగా దాస్తుంది. అంటే అడ్డంగా 640 గళ్లు, నిలువుగా 480 గళ్లు. ఫైలు పేరు చివర పి.ఎన్.జి. అని ఉంటుంది. 10 అడుగులంటే 120 అంగుళాలు. 640 గళ్లను 120 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 5 గళ్లకు కాస్త ఎక్కువ. ఒక్కో గడి దాదాపు 5 మిల్లీమీటర్ల పలక అయి కూర్చుంది. అంకెలు దూదిపింజలు కాక ఏమవుతాయి? బాపు నెమలికి పట్టిన గతే మా నూలు ధరకూ పట్టింది.

దీనికి మందు చాలా చిన్నది. బొమ్మను దాచే ఆదేశం పేరు సేవ్‌ఫిగ్. అందులో ఫైలు పేరు చివర పి.ఎన్.జి. బదులు ఎస్.వి.జి. అనో, పి.డి.ఎఫ్. అనో రాస్తే చాలు. లైబ్రరీ ఆ చివరి మూడు అక్షరాలను చూసి, ఇది గీతల బొమ్మగా కావాలంటున్నారని గ్రహిస్తుంది.

లోపల జరిగేది ఇది. గ్రాఫ్ తయారవుతున్నంతసేపూ లైబ్రరీ దగ్గర గళ్లు ఉండవు. ఇది ఒక గీత, ఇది ఒక అక్షం, ఇది ఒక పేరు, ఇది ఒక అంకె అని విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. వీటిని ఆర్టిస్టులు అని పిలుస్తారు. దాచమని చెప్పినప్పుడు మాత్రమే ఆ పనిని ఒక మేస్త్రీకి అప్పగిస్తుంది. గళ్లు నింపే మేస్త్రీ ఒకడు, ఎస్.వి.జి. రాసే మేస్త్రీ ఒకడు, పి.డి.ఎఫ్. రాసే మేస్త్రీ ఒకడు. ఆదేశాలు అందరికీ ఒకటే, చేతిపని వేరు. మనం గ్రాఫ్ కోసం రాసిన ప్రోగ్రాములో ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు.

ఎస్.వి.జి. మేస్త్రీ ఏం రాస్తాడో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ధరలు సులువుగా ఉండేటట్టు నేను కల్పించుకున్నవి. నాలుగు వారాల ధరలు కిలోకు 200, 210, 240, 230 రూపాయలు అనుకోండి. గ్రాఫ్ అడుగు గీత 180 రూపాయలు, పై గీత 260 రూపాయలు. మధ్య తేడా 80 రూపాయలు. కాగితం మీద ఎత్తు 240 పాయింట్లు. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు, అచ్చుపనిలో వాడే కొలత. 240ని 80తో భాగిస్తే రూపాయికి 3 పాయింట్లు. మొదటి వారం 200 రూపాయలు, అంటే అడుగు నుంచి 20 రూపాయల ఎత్తు, 60 పాయింట్లు. రెండో వారం 90, మూడో వారం 180, నాలుగో వారం 150 పాయింట్లు. వారానికి వారానికి మధ్య అడ్డంగా 100 పాయింట్ల ఎడం పెట్టాం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మనం గ్రాఫ్‌ను కింది నుంచి పైకి కొలుస్తాం. ఎస్.వి.జి. మాత్రం మనం చదివే పుటలాగా పై నుంచి కిందికి కొలుస్తుంది. అందుకని ప్రతి ఎత్తునూ 240లోంచి తీసివేయాలి. 60 కాస్తా 180 అవుతుంది, 90 కాస్తా 150, 180 కాస్తా 60, 150 కాస్తా 90. ఈ తిప్పడం లైబ్రరీయే చేస్తుంది. చేతితో రాసేవాడు మరిచిపోతే ధర పెరిగిన వారం తగ్గినట్టు కనబడుతుంది.

చివరికి ఫైలులో పడేది దాదాపు ఇలా ఉంటుంది: ఎమ్ 0 180, ఎల్ 100 150, ఎల్ 200 60, ఎల్ 300 90. ఎమ్ అంటే కలం ఎత్తి ఆ చోటికి వెళ్లు అని. ఎల్ అంటే అక్కడి నుంచి ఈ చోటిదాకా తిన్నగా గీయి అని. అంతే. ఇది ముగ్గు చెప్పడం కాదా? ఏడు చుక్కలు పెట్టు, బయటివి కలుపు అన్నట్టే ఉంది. వంపు గీతలకు మరో అక్షరం ఉంది, సి. వంపు ఎక్కడ ముగియాలో ఒక బిందువు, దారిలో ఎటు లాగాలో రెండు బిందువులు ఇస్తే చాలు, గీత తనంతట తాను వంగుతుంది. ఇది కార్ల కంపెనీల్లో పుట్టిన లెక్క. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్‌జో 1959లో, ఆ తరువాత రెనో కంపెనీలో పియేర్ బెజియే, కారు రేకు వంపులను అంకెల్లో చెప్పడానికి దీన్ని తీర్చారు. ఈనాడు కంప్యూటర్ అక్షరాల వంపులన్నీ ఇలాంటి లెక్కతోనే. మన 'క' తలకట్టు కూడా.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1963లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తెర మీద కాంతి కలంతో గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును చూపించాడు. 1984లో అడోబి కంపెనీ పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చింది. ప్రింటరుకు బొమ్మ బదులు గీసే విధానాన్ని పంపే భాష అది. 1993లో అదే కంపెనీ నుంచి పి.డి.ఎఫ్. వచ్చింది. 2001 సెప్టెంబరు 4న ఎస్.వి.జి. ప్రమాణాన్ని ప్రపంచవ్యాప్త వెబ్ సంస్థ ఆమోదించింది. అసలు ధరలను గీతగా గీసి చూపడం అంతకంటే పాతది. 1786లో విలియం ప్లేఫేర్ ఇంగ్లండు వర్తకపు లెక్కలను అలా అచ్చువేశాడు.

మీకు ఒక సందేహం రావచ్చు. తెర కూడా గళ్లే కదా, ఫ్లెక్సీ యంత్రం కూడా చుక్కలే కదా చల్లేది, మరి గీతల బొమ్మ ఎక్కడుంది అని. నిజమే. చివరికి అన్నీ గళ్లే అవుతాయి. చద్దరు కూడా పోగుల గళ్లే. కానీ గళ్లుగా ఎప్పుడు మారుతుంది అన్నదే కీలకం. పి.ఎన్.జి.లో మా ఇంట్లోనే, 640 గళ్లకు తెగ్గొట్టి పంపించాం. ఎస్.వి.జి.లో అయితే చివరి క్షణం దాకా అది గీతగానే ఉంటుంది. ఫ్లెక్సీ యంత్రం తన వెడల్పు, తన చుక్కల సన్నదనం చూసుకుని అప్పుడు గళ్లు చేసుకుంటుంది. ఫోను తన తెరకు తగ్గట్టు చేసుకుంటుంది. బాపు నెమలి మెడను మనసులో వంపుగా దాచుకుని, ఏ మగ్గానికి ఎన్ని కొక్కేలుంటే అన్ని గళ్ల మీద గీసినట్టే. ఈ రోజుల్లో జకార్డు డిజైన్లు కూడా కంప్యూటర్లోనే వేస్తున్నారు కాబట్టి, డిజైన్ పని చేసే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. వంపును వంపుగా దాచుకోండి, గళ్లు చివరికి చేయండి.

అయితే గీతల బొమ్మ అన్ని రోగాలకూ మందు కాదు. అది పనికిరాని చోట్లు కూడా చెప్పడం నా బాధ్యత.

మొదటిది ఫొటో. మనిషి ముఖంలో గీతలు లేవు, రంగుల నీడలున్నాయి. దానికి గళ్లే తగినవి. రెండోది మితిమీరిన చుక్కలు. మగ్గానికి ఒక మీటరు బిగించి, సెకనుకు ఒకసారి వేగం రాసుకున్నారనుకోండి. రోజుకు 86,400 అంకెలు. ఒక్కో అంకెకు ఒక చుక్క పెట్టి, ఒక్కో చుక్కకు 60 అక్షరాల ఆదేశం అనుకున్నా 51 లక్షల 84 వేల అక్షరాలు. ఫైలు బరువెక్కి తెరుచుకోవడానికే మొరాయిస్తుంది. అలాంటప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మధ్యేమార్గం ఉంది. చుక్కల గుంపును మాత్రం గళ్లుగా చేయమని, రాస్టరైజ్డ్ అనే గుర్తుతో చెప్పవచ్చు. అక్షాలూ అంకెలూ పేర్లూ గీతలుగానే ఉంటాయి. చదవవలసినవి చెదరవు, చూడవలసినవి బరువు కావు.

మూడోది మన తెలుగుకు సంబంధించినది. గ్రాఫ్ మీద 'నూలు ధర', 'మార్చి' అని తెలుగులో రాయబోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ పాత వర్షన్లలో గుణింతాలు విడిపోయేవి, ఒత్తులు పక్కకు జరిగేవి. ఇంగ్లీషు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు మన అక్షరాలనూ పేర్చేది. మన ఒత్తు అక్షరం కింద కూర్చోవాలని దానికి తెలియదు. దీనికి గీతల బొమ్మలోనే ఒక ఉపాయం ఉంది. మామూలుగా ఎస్.వి.జి. మేస్త్రీ అక్షరాలను కూడా గీతలుగా మార్చి రాస్తాడు. ఎస్.వి.జి. ఫాంట్‌టైప్ అనే అమరికను 'నన్' అని మారిస్తే, అక్షరాలను గీతలు చేయకుండా మాటను మాటగానే ఫైలులో ఉంచుతాడు. అప్పుడు ఆ ఫైలును తెరిచే బ్రౌజరు తనకు తెలిసిన పద్ధతిలో తెలుగును సరిగ్గా కూరుస్తుంది. ఒత్తు ఒత్తు చోట, గుడి గుడి చోట. ఒకటే షరతు, ఫైలు తెరిచే కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఉండాలి. అందుకని అచ్చుకు ఇచ్చే ముందు తెలుగు సరిగ్గా కనబడుతున్న చోట తెరిచి, అక్కడి నుంచి పి.డి.ఎఫ్. చేసి ఇవ్వడం మేలు. అలా చేస్తే ఫాంటు కూడా దానితోనే వెళుతుంది.

మరికొన్ని పొరపాట్లు చెబుతాను. ఉన్న పి.ఎన్.జి. బొమ్మనే తెచ్చి ఎస్.వి.జి. ఫైలులో అతికించి, ఇదిగో గీతల బొమ్మ అంటారు కొందరు. పేరు మారుస్తే గుణం మారదు. లోపల గళ్లు గళ్లుగానే ఉంటాయి. పరీక్ష సులువు. ఫైలును తెరిచి ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూడండి. గీత అంచు నున్నగా ఉంటే అసలుది, మెట్లు కనబడితే నకిలీది. అలాగే గీతల బొమ్మను తెర మీద తెరిచి ఫోనుతో ఫొటో తీసి పంపితే, పడ్డ పాటంతా వృథా. ఫైలును ఫైలుగానే పంపాలి.

ఇంకొకటి. గీతల బొమ్మ చెదరదు గానీ, చిన్న అక్షరం దానంతటదే పెద్దది కాదు. 6.4 అంగుళాల బొమ్మ మీద 10 పాయింట్ల అక్షరం, 10 అడుగుల ఫ్లెక్సీ మీద దాదాపు 19 రెట్లు పెరిగి రెండున్నర అంగుళాల పైచిలుకు కొలత అవుతుంది. గోడ మీద చదవవచ్చు. అదే బొమ్మను ఫోను తెర మీద కుదిస్తే చీమ తలకాయలే. ఎక్కడ చూస్తారో ముందే ఆలోచించి అక్షరం పరిమాణం పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది నిజాయితీ. నా ఉదాహరణలో అడుగు గీత 180 రూపాయలని చెప్పాను, గుర్తుందా? సున్నా నుంచి మొదలుపెట్టలేదు. దానివల్ల 200 నుంచి 240కి పెరగడం కొండ ఎక్కినట్టు కనబడుతుంది. నిజానికి పెరిగింది ఐదో వంతు. గీత గ్రాఫ్‌కు అలా మొదలుపెట్టడం తప్పు కాదు, కానీ ఆ 180 అనే అంకె అందరికీ కనబడేటట్టు ఉండాలి. నిలువు పట్టీల గ్రాఫ్ అయితే సున్నా నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ పట్టీ పొడవే కన్ను కొలుస్తుంది. గీత ఎంత నున్నగా వచ్చినా లెక్కలో వంకర ఉంటే, ఆ వంకరే నున్నగా కనబడుతుంది.

మళ్లీ మా పేటకు వస్తాను. తరువాతి వారం మేనల్లుడు అదే ప్రోగ్రామును తెరిచి, ఫైలు పేరు చివరి మూడు అక్షరాలు మార్చాడు. అక్షరాలు కాస్త పెంచాడు. అడుగు గీత దగ్గర ధరను పెద్దగా రాశాడు. నెలల పేర్లు తెలుగులో పెట్టాడు. షాపు అదే, యంత్రం అదే, ఫ్లెక్సీ కొలతా అదే. సాయంత్రం గోడకు కట్టాం. వాదనకు మూలమైన ఆ అంకె చివరి బల్ల మీద కూర్చున్నవాడికి కూడా కనబడింది. అది 6. పనివాళ్లు చదివిందే నిజం.

అంత మాత్రాన కూలి మాట తేలికగా తేలిందని చెప్పను. చాలాసేపు మాట్లాడుకున్నారు. గొంతులు కూడా లేచాయి. కానీ ఆ రోజు ఎవరూ అంకె దగ్గర పోట్లాడలేదు. మొదటి వారం లేచిన పెద్దాయనే మళ్లీ లేచి, గ్రాఫ్ దగ్గరికి వెళ్లి, మూడో వారం మీద వేలు పెట్టి, "ఈడ ధర దిగింది కద, మరి మాకు రేటు ఎందుకు దిగింది?" అని అడిగాడు. బొమ్మ చూసి ప్రశ్న పుట్టింది. గ్రాఫ్ ఉన్నది అందుకే కదా.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక బాపు పాత గ్రాఫ్ కాగితాల కట్ట విప్పి మేనల్లుడికి చూపించాను. వాడు నెమలి మెడను చాలాసేపు చూశాడు. "తాత దీన్ని ఎన్నిసార్లు గీశాడు మామా?" అని అడిగాడు. మగ్గం మారినప్పుడల్లా అన్నాను.

శ్రోతలారా, మీ ఇంట్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటూ ఉంటే, ఈసారి వాళ్లు గ్రాఫ్ గీసినప్పుడు ఒక్క మాట అడగండి. దీన్ని ముగ్గులా దాచావా, గళ్లలా దాచావా అని. అర్థం కాకపోతే, ఏడు చుక్కల ముగ్గు వాళ్లకు మాటల్లో చెప్పి వేయించండి. మిగతాది వాళ్లే గ్రహిస్తారు.